రేటు చెప్పేముందు ఒక ఆర్డర్ వెంట నడవండి

మీ పరిస్థితి అర్థమైంది. ఇప్పటిదాకా ఐదారు సంస్థలకు సమాచారం చూపించే సైట్లు చేశారు, సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీద చెయ్యి తిరిగింది. ఇప్పుడు మొదటిసారి ఒక బట్టల వ్యాపారి తన 300 రకాల సరుకు అమ్ముకోవడానికి ఆన్‌లైన్ షాపు చేసిపెట్టమన్నారు. ఎంతవుతుందో, ఎన్నాళ్లు పడుతుందో రేపటికల్లా చెప్పమన్నారు. మామూలు సైటుకి తీసుకునే మొత్తానికి ఇంకో సగం కలిపి చెప్పేద్దామా అని మీ ప్రశ్న.

చెప్పకండి. సగం కాదు, రెట్టింపు కలిపినా అది ఊహే అవుతుంది. నా మొదటి షాపుకి నేనూ అదే చేశాను. పేజీలు లెక్కపెట్టి, కార్ట్‌కి కొంత, పేమెంట్‌కి కొంత వేసి, ఆరు వారాలని మాటిచ్చాను. ఐదు నెలలు పట్టింది. చివరి రెండు నెలలు పూర్తిగా నా చేతి చమురే. ఆ క్లయింట్ మోసగాడేమీ కాదు. ఏం అడగాలో ఆయనకు తెలియలేదు, ఏం అడిగించాలో నాకు తెలియలేదు.

సమాచారం చూపించే సైటు పేజీ సరిగ్గా కనిపిస్తే అయిపోయినట్టే. షాపు అలా కాదు, తెరిచిన రోజు నుంచే దాని పని మొదలవుతుంది. సరుకు లెక్క, డబ్బు, పన్ను, పార్సిల్, రిటర్న్, కోపంగా ఫోన్ చేసే కొనుగోలుదారు, అన్నీ దాని మీదుగానే నడుస్తాయి. అందుకే పేజీల సంఖ్యకీ షాపు ఖర్చుకీ దాదాపు సంబంధం ఉండదు. ఖర్చు ఉండేదంతా "అలా కాకపోతే ఏంటి?" అనే ప్రశ్నల్లో.

కాబట్టి రేపు క్లయింట్‌ని కలిసినప్పుడు మీ దగ్గర ఉండాల్సింది కొటేషన్ కాదు, ఒక తెల్లకాగితం. ఒకే ఒక్క ఆర్డర్‌ని ఊహించుకుని, అది పుట్టిన దగ్గర్నుంచి ముగిసేదాకా ఆయనతో కలిసి దాని వెంట నడవండి. ఒకావిడ నీలం చొక్కా, ఎం సైజు, రెండు కావాలని ఎంచుకుంది. స్టాక్‌లో ఒకటే ఉంది. అప్పుడేం చెయ్యాలి? అదే సమయంలో ఇంకొకరు కూడా ఆ ఒక్కదాన్నే కార్ట్‌లో వేసుకున్నారు. కార్ట్‌లో వేసినవాళ్లకి ఆపి ఉంచాలా, డబ్బు ముందు కట్టినవాళ్లకి ఇచ్చేయాలా? ఆయనకి మామూలు దుకాణం కూడా ఉంటే, అక్కడ అమ్ముడైన చొక్కా ఇక్కడ స్టాక్‌లోంచి ఎలా తగ్గుతుంది, ఎవరు తగ్గిస్తారు? ఈ చివరి ప్రశ్న ఒక్కటే మొత్తం పనిని రెండింతలు చేయగలదు. చాలామంది క్లయింట్లు దాన్ని చివరి వారంలో, "ఇది ఎలాగూ ఉంటుంది కదా" అన్నట్టు అడుగుతారు.

ఇంకొంచెం ముందుకి నడవండి. 1,000 దాటిన ఆర్డర్‌కి డెలివరీ ఉచితం అన్నారు, 10% తగ్గింపు కూపన్ కూడా ఉందన్నారు. కార్ట్‌లో 1,050 విలువైన సరుకు ఉంది. కూపన్ వేస్తే 945 అవుతుంది. డెలివరీ ఉచితమా, కాదా? తర్వాత ఆ ఆర్డర్‌లో ఒక వస్తువు వెనక్కి వస్తే కూపన్ తగ్గింపుని ఎలా పంచి రీఫండ్ ఇవ్వాలి? వెనక్కి పంపే ఖర్చు ఎవరిది? చూపించే ధరలో పన్ను కలిసే ఉంటుందా, చివర్లో కలుస్తుందా? రెండు వస్తువుల్లో ఒకటి ఈ రోజు, ఒకటి వచ్చే వారం పంపితే ఆ ఆర్డర్ "పంపినట్టా" "పంపనట్టా"? వీటిలో ఒక్కో జవాబు మీకు పూట పనో, రెండు రోజుల పనో అవుతుంది. జవాబు ఏదైనా ఫర్వాలేదు. జవాబు లేకుండా రేటు చెప్పడమే ప్రమాదం. పన్ను సంగతి మాత్రం మీరిద్దరూ కూర్చుని తేల్చకండి, ఆయన అకౌంటెంట్‌ని అడిగి రాసివ్వమనండి.

ఈ నడకకి డబ్బు తీసుకోండి. నా సలహా మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి. మొదటి ఒప్పందం షాపు కట్టడానికి కాదు, షాపు ప్రణాళిక రాయడానికి. ఒకటి రెండు వారాల చిన్న పని, దానికి విడిగా, స్థిరమైన రేటు. చివర్లో ఆయన చేతికి ఒక పత్రం వస్తుంది. ఆర్డర్ నడిచే తీరు, సరుకు వివరాల పట్టిక నమూనా, ఏ ప్లాట్‌ఫాం, ఎందుకు, ఏవి మొదటి విడతలో, ఏవి తర్వాత, ఎన్ని గంటలు, ఎంత ఖర్చు, అన్నీ అందులో ఉంటాయి. అది ఆయన సొంతం. నచ్చకపోతే తీసుకెళ్లి వేరేవాళ్లతో చేయించుకోవచ్చని మీరే చెప్పండి. ఆ మాట చెప్తే పని చేజారుతుందేమోనని భయపడేవాణ్ణి. తీరా చూస్తే నమ్మకం కుదరడానికి ఎక్కువసార్లు అదే కారణమైంది. ప్రణాళికకి డబ్బెందుకని గట్టిగా వాదించే క్లయింట్ తర్వాత ప్రతి మార్పుకీ అలాగే వాదిస్తారు. ఆ సంగతి రెండు వారాల్లోనే తెలిసిపోవడం మీకు మేలు.

ఇక 300 రకాల సరుకు గురించి. ఆ అంకెని నమ్మకండి. నాలుగు సైజులు, ఐదు రంగులు ఉంటే ఒక్కో చొక్కాకి 20 రకాలు. సరుకంతా అలాగే ఉంటే 300 కాస్తా 6,000 అవుతుంది, ఒక్కోదానికీ విడి స్టాక్ లెక్క, విడి కోడ్. రంగు మారితే ఫోటో కూడా మారాలి. ఆ ఫోటోలు ఉన్నాయా? ఒకే కొలతలో, ఒకే వెలుతురులో ఉన్నాయా, లేక ఫోన్‌లో వచ్చిన కలగాపులగమా? ఒక్కో వస్తువుకి పేరు, వివరణ, బరువు, ఫోటోలు సరిచూసి ఎక్కించడానికి 12 నిమిషాలనుకున్నా 300 వస్తువులకి 60 గంటలు. ఎనిమిది గంటల రోజులైతే ఏడున్నర రోజులు, ఊపిరి తిప్పుకోకుండా. నా మొదటి షాపులో ఈ పని ఎవరిదో ఎక్కడా రాసుకోలేదు. రాయని పని ఎప్పుడూ కట్టేవాడి నెత్తినే పడుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. పట్టిక నమూనా నేనే తయారుచేసి ఇస్తాను. వేర్వేరు రకాలకి చెందిన 20 వస్తువులు నేను ఎక్కించి చూపిస్తాను. మిగతావి క్లయింట్ మనుషులు పట్టికలో నింపితే ఒకేసారి ఎక్కిస్తాను. నింపడం కూడా నన్నే చేయమంటే గంటల లెక్కన విడి ధర. బరువు గడి మాత్రం ఖాళీగా వదలనివ్వకండి, డెలివరీ ఛార్జీలు బరువు మీద లెక్కేసే చోట అది ఖాళీగా ఉంటే లెక్కంతా తప్పుతుంది.

గంట రేటు ఎలా కట్టాలన్నది మీరు అడగలేదు, కానీ అది తెలియకుండా మిగతా లెక్క నిలబడదు. ఏడాదికి 52 వారాలు. సెలవులు, జ్వరాలు, పండగలు కలిపి 6 వారాలు తీసేస్తే 46. వారానికి 40 గంటల చొప్పున 1,840. ఆ గంటలన్నిటికీ ఎవరూ డబ్బివ్వరు. కొత్త పని వెతకడం, ఫోన్లు, లెక్కలు, నేర్చుకోవడం పోగా 60% మిగిలితే బాగా మిగిలినట్టే, అంటే దాదాపు 1,100 గంటలు. మీ ఇంటి ఖర్చు, పన్నులు, పరికరాలు, సాఫ్ట్‌వేర్ చందాలు, పని దొరకని నెలలకి దాచుకోవాల్సింది, అన్నీ కలిపిన ఏడాది మొత్తాన్ని ఈ 1,100తో భాగించండి. వచ్చేది మీ కనీస రేటు, అంతకన్నా కిందికి దిగితే ఎదురు డబ్బిచ్చి పనిచేస్తున్నట్టే. ఉద్యోగపు జీతాన్ని 1,840తోనో, ఇంకా పెద్ద అంకెతోనో భాగించి రేటు కట్టేవాళ్లు ఎప్పుడూ అలసిపోయే ఉంటారు, ఎందుకో వాళ్లకే తెలియదు.

ప్రతి పనికీ ఒక అంకె కాకుండా మూడు వేసుకోండి. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, అడ్డం తిరిగితే ఎంత. మధ్యదాన్ని నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. 1950ల చివర్లో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి పనుల కోసం పుట్టిన, పనులకి పట్టే కాలాన్ని అంచనా వేసే పెర్ట్ పద్ధతిలోది ఈ లెక్క. డెలివరీ ఛార్జీల అమరికకి 4, 6, 14 గంటలు అనుకుంటే 7 వస్తుంది. ఒక గంటే కదా తేడా అనిపించొచ్చు. అలాంటివి నలభై పనులుంటే ఒక వారం. దీనివల్ల ఇంకో లాభం ఉంది. మొదటి అంకెకీ మూడో అంకెకీ దూరం బాగా ఎక్కువున్న పని మీకింకా అర్థం కాలేదని తెలిసిపోతుంది. దాన్ని కట్టేముందు ప్రణాళిక దశలోనే ఒక పూట చేసి చూడండి. మీకిది మొదటి షాపు కాబట్టి మొత్తం మీద మరో నాలుగో వంతు కలుపుకోండి. నేర్చుకునే సమయానికి క్లయింట్ దగ్గర ఎందుకు తీసుకోవాలని మీకు అనిపిస్తే అందులో సగం మీరు భరించండి, కానీ ఎంత భరిస్తున్నారో తెలిసి భరించండి.

ప్లాట్‌ఫాం మీద ఎక్కువ తర్జనభర్జన వద్దు. మీకు వర్డ్‌ప్రెస్ వచ్చు కాబట్టి దానికి షాపుని జోడించే ప్లగిన్ వూకామర్స్ వైపు మనసు లాగుతుంది. ఆ ప్లగిన్ ఉచితమే, కానీ హోస్టింగ్ (సైటుని ఉంచే సర్వర్ అద్దె), ఏటా కట్టే అదనపు ప్లగిన్లు, అప్‌డేట్లు, భద్రత అన్నీ ఎవరో ఒకరు మోయాలి. షాపుని తమ సర్వర్ మీదే నడిపించే సేవ షాపిఫైలో నెలనెలా చందా కట్టాలి, వాళ్ల సొంత పేమెంట్ సేవ కాకుండా బయటి గేట్‌వే (కొనుగోలుదారు నుంచి డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) వాడితే ప్రతి అమ్మకం మీదా కొంత శాతం అదనంగా పోతుంది, బదులుగా సర్వర్ బాధ్యత వాళ్లది. సైటుని చూసుకునే మనిషి లేని చిన్న వ్యాపారికి నేను రెండోదే చెప్తాను, అందులో నాకు పని తగ్గినా సరే. ఏది ఎంచుకున్నా మూడేళ్ల ఖర్చు పక్కపక్కన రాసి చూపించండి, మొదటి నెల ఖర్చు కాదు. డొమైన్, హోస్టింగ్, గేట్‌వే ఖాతా అన్నీ క్లయింట్ పేరు మీద, ఆయన కార్డుతోనే తీసుకోవాలి. మీ పేరు మీద ఉంటే ఆయన మీకు బందీ, మీరు ఆయనకి బందీ.

పేమెంట్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. కార్డు నంబర్లు మీ సర్వర్‌ని తాకనే కూడదు. గేట్‌వే వాళ్ల పేజీలోనో, వాళ్లిచ్చే పెట్టెలోనో కొనుగోలుదారు నంబర్ కొట్టేలా పెట్టండి. కార్డు సమాచారానికి పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం ఉంది, 2004 నుంచీ నడుస్తోంది. నంబర్లు మీ దగ్గరికి రాకపోతే ఆ బాధ్యతలో పెద్ద భాగం తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. గేట్‌వే ఖాతాకి మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టించండి. వ్యాపార పత్రాలు చూస్తారు, సైటులో రిటర్న్ విధానం, గోప్యతా విధానం, సంప్రదించే వివరాలు ఉన్నాయా అని చూస్తారు. అంతా కట్టేసి చివర్లో దరఖాస్తు పెడితే షాపు తాళం వేసి కూర్చోవాలి.

డబ్బు అందిందని షాపుకి ఎలా తెలుస్తుందన్నది ఇంకా ముఖ్యం. నా రెండో షాపులో, కట్టినవారు "ధన్యవాదాలు" పేజీకి తిరిగొస్తేనే ఆర్డర్ నమోదయ్యేలా రాశాను. కొందరు డబ్బు కట్టగానే ఫోన్ పక్కన పడేశారు, కొందరికి సరిగ్గా అప్పుడే నెట్ పోయింది. డబ్బు పోయింది, ఆర్డర్ లేదు. తెరిచిన మూడో రోజు క్లయింట్‌కి ఫోన్లు మొదలయ్యాయి. ఆ రాత్రంతా గేట్‌వే జాబితానీ మా ఆర్డర్లనీ పక్కపక్కన పెట్టి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. గేట్‌వే నేరుగా మీ సర్వర్‌కి పంపే కబురుని వెబ్‌హుక్ అంటారు. ఆర్డర్ ఖాయం చేయాల్సింది దాన్ని చూసే, బ్రౌజర్ ఎక్కడికి తిరిగొచ్చిందని కాదు. ఆ కబురు నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందా అని దానితో వచ్చే డిజిటల్ సంతకం సరిచూడాలి. అదే కబురు రెండుసార్లు రావచ్చు, అప్పుడు రెండు ఆర్డర్లు పుట్టకూడదు. తయారుగా ఉన్న ప్లగిన్లు చాలావరకు ఇదంతా చూసుకుంటాయి. అయినా డబ్బు కట్టగానే బ్రౌజర్ మూసేసి మీ కళ్లతో చూడండి. ఈ పరీక్షలకి గంటలు వేసుకోకుండా కొటేషన్ ఇవ్వకండి.

ఆర్డర్ మెయిల్ స్పామ్‌లో పడితే కొన్నవాళ్ల దృష్టిలో ఆర్డర్ లేనట్టే. మెయిల్ నిజంగా మీ షాపు నుంచే వచ్చిందని చాటే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు డొమైన్‌లో పెట్టి, మెయిల్ పంపే సేవ విడిగా తీసుకోండి. అరపూట పని, మరిచిపోతే నెల రోజుల తలనొప్పి.

క్లయింట్ బడ్జెట్ సరిపోదంటే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాలు కలిపి తీసిన సగటు ప్రకారం కార్ట్‌లో వేసినవాటిలో దాదాపు 70% కొనుగోలు దాకా వెళ్లవు. ఊరికే చూసిపోయేవాళ్లని పక్కనపెడితే, కారణాల్లో ముందుండేది చివర్లో బయటపడే అదనపు ఖర్చులు. ఖాతా తెరవమని బలవంతం చేయడం కూడా పెద్ద కారణమే. కాబట్టి డెలివరీ ఛార్జీ ముందే కనిపించడం, ఖాతా లేకుండా కొనగలగడం, ఫోన్‌లో సాఫీగా నడవడం మొదటి విడతలో ఉండి తీరాలి. కోరికల జాబితా, పాయింట్లు, రెండో కరెన్సీ, మొబైల్ యాప్, మొదటి పేజీలో కదిలే బొమ్మలు రెండో విడతకి వెళ్లొచ్చు. అవి లేవని ఏ షాపూ మూతపడటం నేను చూడలేదు. బ్యాకప్ మాత్రం కోయనివ్వకండి. ఉందని ఊరుకోకుండా ఒకసారి వెనక్కి తెచ్చి చూడండి.

డబ్బు విడతల విషయంలో ఒక ఉచ్చు ఉంది. చివరి విడతని "షాపు తెరిచిన రోజు" అని రాసుకుంటే, ఫోటోలు రావడం నాలుగు నెలలు ఆలస్యమైతే మీ డబ్బూ నాలుగు నెలలు ఆగుతుంది. నేను 40% మొదలుపెట్టేముందు, 30% ఆ 20 వస్తువులతో కార్ట్ నుంచి పేమెంట్ దాకా నడిచి చూపించినప్పుడు, 30% ఒప్పుకున్న పరీక్షలు పూర్తయినప్పుడు తీసుకుంటాను. ఆ పరీక్షలు ప్రణాళిక పత్రంలోనే ఉంటాయి. మామూలు ఆర్డర్, కూపన్ ఆర్డర్, స్టాక్ అయిపోయిన ఆర్డర్, విఫలమైన పేమెంట్, సగం రిటర్న్. నిజమైన కార్డుతో చిన్న మొత్తం కట్టి, రీఫండ్ అయ్యేదాకా చూడటం ఆఖరిది. మధ్యలో వచ్చే ప్రతి కొత్త కోరికకీ రెండు వాక్యాల మెయిల్, అందులో గంటలు, ధర, ఎన్ని రోజులు వెనక్కి జరుగుతుందో ఉండాలి. చిన్నదని నోటిమాటగా ఒప్పుకున్నవే చివరికి తడిసి మోపెడవుతాయి.

కాలం సంగతికొస్తే, ప్రణాళికకి రెండు వారాలు, కట్టడానికి ఆరు, పరీక్షలకీ క్లయింట్ మనుషులకి నేర్పడానికీ రెండు. మొదటి షాపుకి పది వారాలకన్నా తక్కువ చెప్పకండి. ఆయనకి అమ్మకాలు జోరుగా ఉండే రోజులు దగ్గర్లో ఉంటే వాటి ముందు తెరవకండి, అవి దాటాక నెమ్మదిగా, తెలిసిన పాతిక మంది కొనుగోలుదారులతో మొదలుపెట్టండి. పాత సైటు ఉంటే పాత లింకులన్నీ కొత్త పేజీలకి 301తో (పేజీ శాశ్వతంగా వేరే చోటికి మారిందని చెప్పే కోడ్) మళ్లించండి, లేదంటే గూగుల్ నుంచి వచ్చే మనుషులు ఖాళీ పేజీలు చూసి పోతారు. తెరిచాక రెండు వారాల కాపలా మీ ధరలోనే ఉండాలి. ఆ తర్వాతి నిర్వహణ విడి ఒప్పందం, నెలకి ఇన్ని గంటలని, ఏవి అందులో వస్తాయో రాసుకుని.

రేపు ఆయన "ఎంతవుతుంది?" అంటే మొహం చాటేయనక్కర్లేదు. ఇదే మాటల్లో చెప్పొచ్చు: "మీ సరుకు, మీ ఆర్డర్లు నడిచే తీరు చూడకుండా నేను చెప్పే అంకె మీకూ నష్టమే, నాకూ నష్టమే. రెండు వారాల ప్రణాళికకి ఇంతవుతుంది. దాని చివర్లో మొత్తం ఖర్చు, తేదీలతో సహా మీ చేతిలో పెడతాను. పత్రం మీదే." ఆయన ఒత్తిడి చేస్తే గంటల్లో ఒక పరిధి చెప్పండి, కింది అంకెకి పై అంకె రెట్టింపు ఉండేలా. ఏ జవాబులు దాన్ని కిందికి తెస్తాయో, ఏవి పైకి తీసుకెళ్తాయో వెంటనే వివరించండి. తర్వాత కాగితం బల్ల మీద పెట్టి మొదటి ప్రశ్న వేయండి: "రేపు పొద్దున ఒక ఆర్డర్ వచ్చిందనుకోండి, మీ దగ్గర దాన్ని ముందు ఎవరు చూస్తారు?"